మరీ లూయీ కిరీటం: పచ్చలా, ఫిరోజాలా?

నెపోలియన్ రెండో భార్య మరీ లూయీ కిరీటానికి ఒకచోట పచ్చలని, ఇంకోచోట ఫిరోజాలని (టర్కాయిస్ అనే నీలిరాళ్లని) ఉంది, ఫొటో కింద ఏది రాయాలని అడిగారు కదండీ. రెండూ నిజమే, కిరీటం ఒక్కటే. 1810లో పారిస్‌లో ‘నీతో’ (Nitot) అనే నగల సంస్థ చేసినప్పుడు వజ్రాల మధ్య పచ్చలుండేవి. 1953లో వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ అనే నగల కంపెనీ కొని, పచ్చలు ఊడదీసి విడిగా అమ్మేసింది. ఆ నష్టం ఇక తీరేది కాదు. 1956-62 మధ్య అదే గూళ్లలో 79 పర్షియన్ ఫిరోజాలు పొదిగారు.

ఫొటోలో పలకలు లేకుండా, వెలుతురు లోపలికి పోని నున్నటి నీలిరాళ్లు కనిపిస్తే అవి ఫిరోజాలే. ‘నెపోలియన్ కాలపు ఫిరోజాలు’ అని మాత్రం రాయకండి, చాలామంది తప్పేది అక్కడే. ‘1810 నాటి కిరీటం, ఫిరోజాలు తర్వాత పొదిగినవి, 1971 నుంచి అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో’ అని రాస్తే సరిపోతుంది.