వాటర్‌ఫెడ్ పోల్‌లో నీళ్లు ఎక్కడ ఆపాలి, ఎక్కడ తగ్గించాలి?

వాటర్‌ఫెడ్ పోల్ అంటే కిటికీ అద్దాలు కడిగే పొడవాటి కర్ర. బండిలోని ట్యాంకు నుంచి పంపు తోసే నీళ్లు పైపు ద్వారా దాని కొసనున్న బ్రష్‌లోకి వస్తాయి. దాంతో మీ బాధ మూడు ముక్కల్లో ఇదీ. ఒక కిటికీ అయ్యి ఇంకో కిటికీకి నడిచేలోపు శుద్ధి చేసిన నీళ్లు ఊరికే నేలపాలవుతున్నాయి. పోల్ అడుగున ట్యాప్ బిగించి సగం తిప్పి పెడితే బండిలో పంపు టకటకా కొట్టుకుంటోంది. మూడో అంతస్తుకి వెళ్లేసరికి ధార పల్చబడుతోంది, అందుకని పెద్ద పంపు కొందామా అని ఆలోచిస్తున్నారు.

పెద్ద పంపు మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఏళ్ల తరబడి నేను ఈ పోల్‌తోనే అద్దాలు కడుగుతున్నాను. ఇలాంటి ఇబ్బందుల్లో పంపు చిన్నదవడం వల్ల వచ్చింది నేను చూసినంతలో చాలా అరుదు. నీళ్లు ఆపడం వేరు, తగ్గించడం వేరు. ఆపే పని మీ చేతి దగ్గర జరగాలి, తగ్గించే పని పంపు దగ్గర జరగాలి. మీరు రెండూ ఆ ఒక్క ట్యాప్‌తోనే చేయబోతున్నారు. పంపు గోలంతా అందుకే.

ఈ పనికి వాడేవి ఎక్కువగా 12 వోల్టుల డయాఫ్రమ్ పంపులు. వాటికి ఒక ప్రెషర్ స్విచ్ ఉంటుంది. పైపులో ఒత్తిడి ఒక హద్దుకి చేరగానే అది కరెంటు కట్ చేస్తుంది. చాలా పంపుల్లో ఆ హద్దు 100 పీఎస్ఐ, అంటే దాదాపు 7 బార్. ఒత్తిడి దిగగానే మళ్లీ కరెంటు ఇస్తుంది. ట్యాప్ పూర్తిగా మూసేస్తే పంపు ఆగి ఊరుకుంటుంది. సగం మూస్తేనే తంటా. పంపు తోసేది ఎక్కువ, బయటికి పోయేది తక్కువ. క్షణంలో ఒత్తిడి పెరిగి స్విచ్ కట్ అవుతుంది, పైపులోంచి కాసిని నీళ్లు బయటికి పోగానే మళ్లీ ఆన్ అవుతుంది. టక్, గుర్ర్, టక్, గుర్ర్. బండి తలుపు తీసి వింటే వినిపిస్తుంది. బండి దాకా పోనక్కర్లేదు, బ్రష్ దగ్గర చూసినా తెలిసిపోతుంది: ధార ఒకసారి లావుగా, ఒకసారి సన్నగా ఊగుతూ ఉంటుంది. అలా రోజంతా నడిపితే ముందు పోయేది ఆ స్విచ్‌లోని పాయింట్లు.

దీనికి మందు పంపు కంట్రోలర్. అది పంపు వేగాన్నే తగ్గిస్తుంది కాబట్టి మీకు కావలసినన్ని నీళ్లే బయల్దేరతాయి, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. కంట్రోలర్ ఉన్నప్పుడు ట్యాప్‌కి రెండే స్థానాలు: పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం. ఇప్పటికిప్పుడు కంట్రోలర్ లేకపోతే పంపు తర్వాత ఒక టీ (మూడు దారుల జాయింట్) పెట్టి, దానికో వాల్వ్ బిగించి, ఎక్కువైన నీళ్లు మళ్లీ ట్యాంకులోకే పోయేలా చేయొచ్చు. బ్యాటరీ ఆదా కాదు కానీ పంపు కొట్టుకోవడం ఆగుతుంది. పంపు లేకుండా నేరుగా కుళాయి ఒత్తిడితో రెసిన్ ట్యాంకు (నీళ్లని శుద్ధి చేసే గింజలున్న ట్యాంకు) మీదుగా నడుపుకునే వాళ్లకి ఈ గొడవే లేదు, వాళ్లు ట్యాప్ సగం తిప్పి పెట్టుకోవచ్చు. కాకపోతే పోల్ దగ్గర ట్యాప్ మూసి కుళాయి తెరిచి వదిలేసి పోకూడదు, కుళాయి ఒత్తిడి మొత్తం రెసిన్ ట్యాంకు జాయింట్ల మీద పడుతుంది.

కంట్రోలర్ కొన్నవాళ్లలో కూడా సగం మంది తిట్టుకుంటారు. కారణం డెడ్ ఎండ్ సెట్టింగ్. మీరు ట్యాప్ మూయగానే పంపు మీద భారం పెరుగుతుంది. కంట్రోలర్ దాన్ని పసిగట్టి పంపుని ఆపుతుంది, తెరపై డెడ్ ఎండ్ అని చూపిస్తుంది, మళ్లీ ఒత్తిడి దిగితే పంపుని నడుపుతుంది. ఈ పసిగట్టే హద్దుని మీ పైపుకి తగ్గట్టు సెట్ చేయాలి. అది మరీ సున్నితంగా ఉంటే ట్యాప్ తెరిచి ఉన్నా పంపు మధ్యమధ్యలో ఆగిపోతుంది, మీరేమో నీళ్లు అయిపోయాయనుకుంటారు. మరీ వదులుగా ఉంటే ట్యాప్ మూసినా పంపు తోస్తూనే ఉంటుంది. పైపు ఉబ్బుతుంది, ఎక్కడో ఒక జాయింట్ క్లిప్ ఎగిరిపోతుంది.

నేను చేసేది ఇది. పైపు ఆ రోజు పనికి కావలసినంత విప్పి, రోజూ వాడే వేగం పెట్టి, పోల్ దగ్గర ట్యాప్ మూసి, పంపు వెంటనే ఆగుతుందో లేదో వింటాను. ఆగకపోతే హద్దు తగ్గిస్తాను. తర్వాత ట్యాప్ తెరిచి, వేగం కాస్త పెంచి, పోల్ ఎత్తి, పని చేస్తున్నట్టే కాసేపు నడుపుతాను. మధ్యలో ఆగకుండా ఉంటే సెట్ అయినట్టే. కొన్ని కంట్రోలర్లలో ఈ పనంతా క్యాలిబ్రేషన్ బటన్‌తో అదే చేసుకుంటుంది, అయినా ఒకసారి ఇలా చూసుకోవడం మంచిది. చలి బాగా ఉన్న రోజు ఇదే సెట్టింగ్ తేడా చేయొచ్చు. చల్లటి నీళ్లు చిక్కబడతాయి, పైపు బిగుసుకుంటుంది, పంపు మీద భారం పెరుగుతుంది. ఆ రోజు కంట్రోలర్ ఊరికే డెడ్ ఎండ్ అంటే దాన్ని తిట్టకండి, మళ్లీ సెట్ చేయండి. పైపు ఏ చక్రం కిందో, గోడ మూలలోనో నలిగిందేమో కూడా చూడండి, అప్పుడూ అలాగే చూపిస్తుంది.

ఇక ట్యాప్. పావు తిప్పుతో మూసుకునే చిన్న బాల్ వాల్వ్ చాలు. అది ఎక్కడ ఉండాలన్నదే ముఖ్యం. బండి నుంచి వచ్చే మెయిన్ పైపుకీ, బ్రష్ దాకా వెళ్లే పోల్ పైపుకీ మధ్య ఊడదీసే కనెక్టర్ ఉంటుంది కదా, ట్యాప్‌ని దానికి పోల్ వైపు పెట్టండి. మూసినప్పుడు పోల్ పైపులోని నీళ్లు పైనే నిలబడి ఉంటాయి, తర్వాత కిటికీ దగ్గర తెరవగానే బ్రష్‌లో ధార వస్తుంది. పైపు ఊడదీసినా పోల్‌లోని నీళ్లన్నీ మీ బూట్ల మీద కుమ్మరించవు. మెయిన్ పైపు కొసకి ఆటో స్టాప్ కనెక్టర్ పెడితే అటు వైపు కూడా దానంతటదే మూసుకుంటుంది. ఈ ఆటో స్టాప్ కనెక్టర్ల లోపలి దారి కొంచెం ఇరుకు, అందుకని వరసగా రెండు మూడు పెట్టొద్దు.

ఒక చిక్కుంది. పోల్ పైపు పోల్ లోపలి నుంచి వెళ్తే, పోల్ పొడిగించిన కొద్దీ పైపు పైకి పోతుంది. కుదించినప్పుడు ఆ పొడవంతా కింద నుంచి బయటికొస్తుంది, ట్యాప్ మీకు దూరంగా నేల మీద పడి ఉంటుంది. పై అంతస్తు చేసేటప్పుడు చేతికందే ట్యాప్ కింది అంతస్తుకి అందదు. కింది కిటికీల దగ్గర నేను ట్యాప్ జోలికే పోను. పోల్ పైపుని వేలికి చుట్టినట్టు మడిచి, మడతని బొటనవేలితో పోల్‌కి అదిమి పట్టుకుంటాను. ధార టక్కున ఆగుతుంది, వేలు తీస్తే వస్తుంది. పైపు మెత్తటిదై ఉండాలి, ఎప్పుడూ ఒకే చోట మడిస్తే అక్కడ పగులుతుంది కాబట్టి చోటు మారుస్తూ ఉండాలి.

బెల్టుకి తగిలించుకునే రిమోట్ గురించి కూడా చాలామంది అడుగుతారు. అది పంపుని ఆపుతుంది, అంతవరకే. పంపు ఆగినా ఒత్తిడికి ఉబ్బిన పైపు గాలి పోసిన బెలూన్‌లా మెల్లగా ముడుచుకుంటూ నీళ్లు తోస్తూనే ఉంటుంది. పైపు ఎంత పొడవుంటే ఆ కారడం అంతసేపు. భవనం ఇటు నుంచి అటు తిరిగి వెళ్లేటప్పుడు, ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు రిమోట్ బాగుంటుంది. కిటికీకీ కిటికీకీ మధ్య చేతి ట్యాప్‌ని మించింది లేదు.

పై అంతస్తులో ధార పల్చబడటం సంగతి. ఎత్తు మీద అందరికీ అనుమానం. నిజానికి 10 మీటర్ల ఎత్తుకి పోయేది సుమారు 1 బార్ మాత్రమే. అసలు దొంగ మెయిన్ పైపు. లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లున్న 100 మీటర్ల పైపులో నిమిషానికి 2 లీటర్లు పంపితే రాపిడికే దాదాపు 4 బార్ పోతుంది. అదే 8 మిల్లీమీటర్ల పైపయితే సుమారు 1 బార్. 7 బార్ల పంపులో 4 పైపే తినేస్తే, ఇంకోటి ఎత్తు తింటే, జెట్లకి, అంటే బ్రష్‌లో నీళ్లు చిమ్మే ముక్కులకి, మిగిలేది ఎంతో చూడండి. పైపు రీల్ మీద చుట్టి ఉన్నా నీళ్లు ఆ 100 మీటర్లూ తిరిగే రావాలి. ఇల్లు బండి పక్కనే ఉంటే 30 మీటర్ల పొట్టి పైపు ఒకటి విడిగా పెట్టుకుని దాంతో చేస్తే, కొత్త పంపు బిగించినట్టే ఉంటుంది.

పైపు బాగానే ఉందనుకుంటే జెట్లు చూడండి. ఒక జెట్ నుంచి ధార బాగా వచ్చి రెండో దాన్నుంచి పక్కకి చిమ్ముతుంటే లోపల ఏదో ఇరుక్కున్నట్టే. రెసిన్ గింజలు గానీ, పాచి తునకలు గానీ. జెట్ ఊడదీసి వెలుతురుకేసి చూస్తే కనిపిస్తుంది. బయట నుంచి లోపలికి సన్నటి సూదితో తోసి, జెట్ పెట్టకుండానే కాసేపు నీళ్లు వదిలి, తర్వాత బిగించాలి. పంపు ముందున్న ఫిల్టర్ జాలీ, బ్యాటరీ ఛార్జి కూడా ఓసారి చూడండి.

నీళ్లు ఎన్ని కావాలో కంట్రోలర్ మీద అంకె చూసి చెప్పలేం. అది పంపు వేగం, లీటర్లు కాదు. మీ అంకె నాకు పనికిరాదు, నా అంకె మీకు పనికిరాదు. బ్రష్‌ని బకెట్‌లో పెట్టి ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి కొలవండి. క్రమం తప్పకుండా కడిగే ఇళ్లకి నేను ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల మధ్యలో ఉంచుతాను. మొదటిసారి కడిగే అద్దాలకి పెంచుతాను. మురికిని ఊడగొట్టేది బ్రష్, దాన్ని కిందికి మోసుకుపోయేది నీళ్లు. అందుకని తోమేటప్పుడు తక్కువున్నా నడుస్తుంది, చివర్లో మురికి కడిగేసేటప్పుడు తక్కువైతే మరకలు మిగులుతాయి. కిటికీ కిటికీకీ వేగం మారుస్తూ కూర్చోలేం కాబట్టి మురికి కడిగేయడానికి సరిపడా పెట్టుకుని, ఆపడం మాత్రం ట్యాప్‌తో చేసుకోండి.

అద్దం స్వభావాన్ని కూడా చూడాలి. కొన్ని అద్దాల మీద నీళ్లు పల్చటి పొరలా పరుచుకుని జారిపోతాయి, వాటికి తక్కువ చాలు. కొన్నింటి మీద ముత్యాల్లా విడివిడిగా నిలబడతాయి, ఆ చుక్కలు ఆరిన చోటల్లా మచ్చ పడే అవకాశం ఉంటుంది. అక్కడ విసనకర్రలా విచ్చుకునే ఫ్యాన్ జెట్లు, కాస్త ఎక్కువ నీళ్లు కావాలి. నీళ్లు తక్కువ పెట్టుకునే పనైతే ఫ్యాన్ జెట్లు వద్దు, అవి విచ్చుకోక కిందికి కారిపోతాయి. సన్నటి పెన్సిల్ జెట్లే నయం.

పై ఫ్రేము దగ్గర మాత్రం నీళ్లు ఎక్కువైతే నష్టమే. ఫ్రేము సందుల్లో, గాలి వచ్చే రంధ్రాల్లో నీళ్లు నిండిపోతాయి. మీరు పని ముగించి పక్క కిటికీకి వెళ్లాక, ఫ్రేము మూల నుంచి బూడిద రంగు చుక్క ఒకటి మెల్లగా దిగి, శుభ్రంగా ఉన్న అద్దం మీద గీత గీస్తూ కిందికొస్తుంది. కస్టమర్ నుంచి ఫోన్ వచ్చేది ఆ గీత గురించే. అందుకని ఫ్రేముని ముందే తోమి, ట్యాప్ మూసి, కాసేపు కారనిచ్చి, అప్పుడు అద్దం కడగండి. పాత కిటికీల సీళ్ల మీదికి కింద నుంచి పైకి ధార కొట్టకండి, నీళ్లు ఇంట్లోకి దిగుతాయి. అన్నట్టు, మీది కార్బన్ ఫైబర్ పోల్ అయితే అది కరెంటు పాస్ చేస్తుంది. ట్యాప్ మీద ధ్యాస పెట్టి పైన తీగలు చూసుకోవడం మర్చిపోకండి.

మీరైతే ముందు ట్యాప్ పూర్తిగా తెరిచి బకెట్ కొలత తీయండి. తర్వాత రీల్ పైపు తీసేసి, పొట్టి పైపుతో మళ్లీ కొలవండి. రెండింటికీ తేడా బాగా కనిపిస్తే ఆ డబ్బు పంపుకి కాదు, పైపుకే పెట్టాలి. మీ మెయిన్ పైపు లోపలి వ్యాసం, పొడవు, ఆ రెండు కొలతలు ఇక్కడ రాస్తే కంట్రోలర్ సరిపోతుందో లేదో చెప్తాను.