వీఐ, టెటనస్ టాక్సాయిడ్ రెండూ చేతిలో ఉండగా టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకి అన్నేళ్ళు ఎందుకు పట్టింది?

మీరు అడిగింది ఇదీ: టైఫాయిడ్ బ్యాక్టీరియా పైపొర, అంటే వీఐ పాలీశాకరైడ్ అనే చక్కెర గొలుసు, ఎప్పట్నుంచో టీకాగా దొరుకుతోంది. విషం తీసేసిన టెటనస్ ప్రోటీన్, అంటే టెటనస్ టాక్సాయిడ్, లేని పీహెచ్‌సీ లేదు. రెండూ తెచ్చి అతికిస్తే కాంజుగేట్ టీకా అయిపోవాలి కదా, అన్నేళ్ళు దేనికి?

అతికించే రియాక్షన్ రెండు మూడు గంటల్లో ముగుస్తుంది. ఏళ్ళన్నీ ఖర్చయ్యేది దానికి ముందు వీఐని చెడగొట్టకుండా శుభ్రం చేయడంలో, ఆ తర్వాత ఎంత అతుక్కుంది, ఎంత ఊరికే తేలుతోంది అని నమ్మకంగా కొలవడంలో. కాంజుగేట్ టీకాలో అసలు కష్టం కొలతలోనే ఉందని నా గట్టి అభిప్రాయం. కెమిస్ట్రీ గురించి అందరూ మాట్లాడతారు, కొలత గురించి ఎవరూ మాట్లాడరు.

వీఐ జామపండు జెల్లీని గట్టిపరిచే పెక్టిన్‌కి దగ్గరి చుట్టం. రెండూ గెలాక్టురోనిక్ ఆమ్లపు గొలుసులే. వీఐలో రెండో కార్బన్ మీద ఎన్-అసిటైల్, మూడో కార్బన్ మీద ఓ-అసిటైల్ అదనంగా ఉంటాయి. మన రోగనిరోధక వ్యవస్థ ముఖ్యంగా గుర్తుపట్టేది ఆ ఓ-అసిటైల్‌నే. అది ఊడిపోతే మిగిలిన చక్కెర టీకాకి పనికిరాదు. అందుకే గ్రాము వీఐకి కనీసం 2 మిల్లీమోల్ ఓ-అసిటైల్ ఉండాలని ప్రమాణం పెట్టారు. వేరే పాలీశాకరైడ్ల దగ్గర ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషాన్ని వదిలించడానికి క్షారం వాడే అలవాటుంది. అదే చేత్తో వీఐకి సోడియం హైడ్రాక్సైడ్ తగిలించారా, బ్యాచ్ పోయినట్టే. చూడ్డానికి ఏ తేడా ఉండదు.  ఓ-అసిటైల్‌ని కొలిచే హెస్ట్రిన్ పరీక్షలో హైడ్రాక్సిలమైన్ తర్వాత ఫెర్రిక్ క్లోరైడ్ వేసినప్పుడు, 540 నానోమీటర్ల దగ్గర చదవాల్సిన గోధుమ రంగు లేతగా తేలిపోతుంది. అప్పుడుగానీ తెలియదు.

ఎమ్మెస్సీ పాఠాల్లో ఈ శుద్ధి మొత్తాన్ని ఒక్క బాణం గుర్తుతో దాటించేస్తారు. ఒక పక్క కల్చర్, ఇంకో పక్క శుద్ధమైన పాలీశాకరైడ్. చదువుకుని వచ్చిన పిల్లలు ఫెర్మెంటర్ ముందు నిలబడి తెల్లమొహం వేసేది అందుకే. ఆ బాణం కింద ఉన్న పని ఇదీ. టీవై2 అనే టైఫాయిడ్ బ్యాక్టీరియా స్ట్రెయిన్‌ని పెంచి, మూత తీయకముందే ఫార్మాలిన్‌తో చంపుతారు. వీఐ చాలావరకు కణాల్నుంచి ఊడి ద్రవంలోకి వచ్చేసి ఉంటుంది కాబట్టి, సెంట్రిఫ్యూజ్ చేసి కణాలు పారేసి పైతేట ఉంచుకుంటారు. దాన్ని టాంజెన్షియల్ ఫ్లో ఫిల్టర్ మీద చిక్కబరిచి సీటాబ్ అనే సబ్బులాంటి రసాయనం కలుపుతారు. సీటాబ్‌ది ధనావేశం, వీఐది ఋణావేశం. రెండూ జతకట్టి తెల్లటి తరకలుగా కిందికి దిగుతాయి. వాటిని ఉప్పు ద్రావణంలో కరిగించి ఇథనాల్ పోస్తే వీఐ దూదిపోగుల్లా విడివడుతుంది. ఇలా కరిగించడం, దించడం మళ్ళీ మళ్ళీ చేస్తే చివరికి ప్రోటీన్ 1 శాతం లోపుకి, న్యూక్లియిక్ ఆమ్లం 2 శాతం లోపుకి వస్తాయి.

ఇందులో ఎక్కువమందిని ముంచేది చలి. ఏసీ 18 డిగ్రీల్లో పెట్టిన గదిలో సీటాబ్ తనంతట తానే స్ఫటికాలు కడుతుంది. అడుగున తెల్లగా బోలెడు పేరుకుంటే దిగుబడి బ్రహ్మాండంగా వచ్చిందనుకుంటారు. కరిగించి కొలిస్తే అందులో ఎక్కువ భాగం సీటాబే. పైగా మిగిలిపోయిన సీటాబ్ తర్వాతి మెట్లలో నురగ కడుతూ ఫిల్టర్లను సతాయిస్తుంది. ఈ మెట్టు దగ్గర గది 25 డిగ్రీలకి తగ్గకుండా చూసుకోవాలి. ఇంత చిన్న సంగతి బ్యాచ్ రికార్డులో రాసి లేక ఎన్ని లీటర్లు పారబోశారో లెక్క ఉండదు.

ఇక అతికించే రోజు. మెనింజైటిస్-ఏ కోసం 2010లో బుర్కినా ఫాసోలో మొదలుపెట్టిన మెన్‌ఆఫ్రివ్యాక్ అనే కాంజుగేట్ టీకాలో చక్కెరను పెర్‌అయొడేట్‌తో ఆక్సిడైజ్ చేసి, ప్రోటీన్‌ని పట్టుకునే ఆల్డిహైడ్లు పుట్టిస్తారు. చవకైన, చక్కటి పద్ధతి. అదే వీఐ మీద చేద్దామంటే కుదరదు. పెర్‌అయొడేట్ తెంచాలంటే పక్కపక్క కార్బన్ల మీద ఖాళీ హైడ్రాక్సిళ్ళు కావాలి. వీఐలో రెండో కార్బన్ మీద ఎన్-అసిటైల్ కూర్చుంది, మూడో దానిమీద ఓ-అసిటైల్, నాలుగో దాంతో గొలుసు ముడిపడి ఉంది. పట్టుకోవడానికి మిగిలింది కార్బాక్సిల్ ఒక్కటే. అందుకని ఈడీసీ అనే కార్బోడైఇమైడ్‌తో ఆ కార్బాక్సిల్‌ని రెచ్చగొట్టి ప్రోటీన్‌కి ముడివేస్తారు.

ప్రోటీన్ వైపు అడిపిక్ ఆమ్లపు డైహైడ్రజైడ్, వాడుకలో ఏడీహెచ్, ముందే తగిలిస్తారు. ప్రోటీన్‌లోనే అతుక్కోవడానికి అమైన్లున్న లైసీన్లు ఉండగా ఇదెందుకని అడుగుతారు. టెటనస్ టాక్సిన్‌ని విషం పోయేలా ఫార్మాల్డిహైడ్‌తో నానబెట్టినప్పుడే చాలా లైసీన్లు ఖర్చయిపోయాయి. మిగిలినవి కూడా ఈడీసీ పనిచేసే పీహెచ్ 5, 6 దగ్గర ప్రోటాన్ మోసుకుని కదలకుండా కూర్చుంటాయి. హైడ్రజైడ్ ఆ పీహెచ్‌లోనూ చురుగ్గా ఉంటుంది. అయితే ఏడీహెచ్‌కి రెండు చేతులున్నాయి. తక్కువ వేస్తే ఒక చేత్తో ఒక టాక్సాయిడ్‌ని, రెండో చేత్తో ఇంకో టాక్సాయిడ్‌ని పట్టుకుని ప్రోటీన్ ముద్దలు కడుతుంది. కాబట్టి ధారాళంగా వేయాలి. వేసిందంతా డయాఫిల్ట్రేషన్‌లో, అంటే మెంబ్రేన్ మీద బఫర్ పోస్తూ, పూర్తిగా కడిగేయాలి. కడుగుడు సరిగ్గా లేకపోతే మిగిలిన ఏడీహెచ్ మర్నాడు వీఐ కార్బాక్సిళ్ళన్నింటినీ తానే ఆక్రమించి, టాక్సాయిడ్‌కి చోటు లేకుండా చేస్తుంది.

బఫర్ ఎంఈఎస్ వాడాలి. ట్రిస్‌లో అమైన్ ఉంది, అసిటేట్‌లో, సిట్రేట్‌లో కార్బాక్సిల్ ఉంది. ఈడీసీ వాటి మీదే ఖర్చయిపోతుంది. ఫాస్ఫేట్ కూడా దాని పని తగ్గిస్తుంది.

ఆ పాత్ర దగ్గర నిలబడితే కనిపించేది ఇదీ. మిల్లీలీటరుకి 5 మిల్లీగ్రాములున్నా వీఐ ద్రావణం ఆముదంలా బరువుగా తిరుగుతుంటుంది. టాక్సాయిడ్ కలిపి ఈడీసీ వేయగానే పీహెచ్ పైకి పాకడం మొదలవుతుంది, ఎందుకంటే ఈడీసీ ఖర్చవుతూ ప్రోటాన్లు మింగుతుంది. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వేస్తూ నిలబెట్టాలి. ఆ చిక్కదనంలో స్టిర్రర్ నెమ్మదిగా తిరిగితే చుక్క పడ్డ చోటే ఆమ్లం నిలిచిపోయి, అక్కడ ప్రోటీన్ తెల్లగా విరిగి పాయలు కడుతుంది. అవి మళ్ళీ కరగవు. మీటర్ మాత్రం సరైన పీహెచ్చే చూపిస్తుంటుంది.

అంతకంటే భయపడాల్సింది జెల్ కట్టడం. దీని వెనక తరచుగా ఉండేది ఈడీసీ సీసా. అది మైనస్ 20లో ఉంటుంది. బయటికి తీసి గది వేడికి రాకముందే మూత తెరిస్తే గాలిలో తేమ పొడి మీద కూర్చుంటుంది, మందు బలం చచ్చిపోతుంది. ఆ సీసాతో అతుకు తక్కువొచ్చిందని మరుసటి బ్యాచ్‌కి మోతాదు పెంచుతారు. ఈలోగా కొత్త సీసా వస్తుంది, దాని బలం నిండుగా ఉంటుంది. పెంచిన మోతాదు అలాగే పడుతుంది. కాసేపటికి స్టిర్రర్ చుట్టూ ఉన్న ద్రావణమంతా ఒక్క ముద్దగా తిరగడం మొదలవుతుంది. ఒక టాక్సాయిడ్‌కి నాలుగైదు వీఐ గొలుసులు, ఒక గొలుసుకి పది టాక్సాయిడ్లు తగులుకుని వల అల్లుకుపోయింది. ఇక దాన్ని 0.22 మైక్రాన్ ఫిల్టర్ దాటించడం ఎవరి తరమూ కాదు. టీకాని చివర్లో వేడిచేసి స్టెరిలైజ్ చేసే వీలు లేదు కనుక ఆ ఫిల్టర్ దాటనిది టీకా కాలేదు. డోసుకి 25 మైక్రోగ్రాములు, అంటే కాగితం మీద గ్రాము వీఐకి 40 వేల డోసులు. 10 గ్రాముల పాత్ర గడ్డకడితే 4 లక్షల మంది పిల్లల డోసులు పోయినట్టు. కొత్త ఈడీసీ లాట్ వచ్చిన ప్రతిసారీ 50 మిల్లీలీటర్లతో చిన్న రియాక్షన్ చేసి చూసుకోవడం ఖర్చు కాదని అందుకే మొత్తుకునేది.

సరే, గడ్డకట్టలేదు, ఫిల్టర్ దాటింది. ఇప్పుడు అసలు ప్రశ్న: ఎంత అతుక్కుంది? అతుక్కోని టాక్సాయిడ్ చిన్నది, 150 కిలోడాల్టన్లు, పెద్ద రంధ్రాల మెంబ్రేన్‌లోంచి వెళ్ళిపోతుంది. అతుక్కోని వీఐ మాత్రం కాంజుగేట్‌తో సమానంగా పెద్దది, మెంబ్రేన్ రెండింటినీ ఆపేస్తుంది. దీనికి తోడు ఇంకో మోసం. వీఐ ఋణావేశం, కార్బాక్సిళ్ళు పోగొట్టుకున్న టాక్సాయిడ్ మీద ధనావేశం ఎక్కువ. ఈడీసీ వేయకుండా ఊరికే కలిపినా రెండూ ఆకర్షణతో అంటుకుని, అణువుల్ని సైజు ప్రకారం విడదీసే క్రోమటోగ్రాఫ్‌లో అచ్చం కాంజుగేట్‌లా కలిసి బయటికొస్తాయి. ఆ పీక్ చూసి సంబరపడినవాళ్ళున్నారు. ఈడీసీ లేని కంట్రోల్ పక్కన నడపాలి, బఫర్‌లో ఉప్పు పెంచి ఆ ఉత్తుత్తి జతల్ని విడగొట్టాలి.

విడి వీఐని కొలవడానికి డీఆక్సికోలేట్, ఆమ్లం కలిపి ఐసు మీద పెడితే ప్రోటీన్ తగిలినదంతా దిగిపోతుంది, విడిగా ఉన్నది పైతేటలో మిగులుతుంది. చదవడానికి సులువు. కానీ పొడవాటి వీఐ ఆ అవక్షేపంలో చిక్కుకుని తనూ దిగిపోతుంది, అప్పుడు విడి వీఐ ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది. తెలిసినంత వీఐని కావాలని కలిపి, అది తిరిగి ఎంత దొరికిందో చూడనిదే ఆ అంకెకి విలువ లేదు. ఇంత పట్టుదల దేనికంటే, విడి వీఐ అంటే పాత టీకాయే. రోగనిరోధక వ్యవస్థలోని టీ-కణాల సాయం లేక రెండేళ్ళలోపు పిల్లల్లో అది సరిగా పనిచేయదు, జ్ఞాపకమూ మిగల్చదు. ఫ్రిజ్‌లో ఉన్న వయల్‌లో నెలనెలా విడి వీఐ పెరుగుతుంటే కాంజుగేట్ విచ్చుకుపోతోందని అర్థం. ఆ పెరుగుదలను ఏళ్ళ తరబడి కొలిచి చూపిస్తేనే ఎక్స్‌పైరీ తేదీ ఇస్తారు. మీరడిగిన ఏళ్ళలో కొన్ని అక్కడే పోతాయి, తొందరపెట్టడానికి దారి లేదు.

మిగతా ఏళ్ళ లెక్క కూడా చూడండి. చక్కెరను ప్రోటీన్‌కి ముడివేస్తే దేహం స్పందిస్తుందని ఏవరీ, గోబెల్ అనే శాస్త్రవేత్తలు చూపించింది 1929లో. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో షూసున్ జూ, రాబిన్స్, ష్నీర్సన్ బృందం వీఐ కాంజుగేట్ మీద పత్రం వేసింది 1987లో. మొదట వాళ్ళు వాడింది గంధకపు ముడి, ఏడీహెచ్ దారి తర్వాత వచ్చింది. వియత్నాం పిల్లల్లో 91.5 శాతం రక్షణ కనబడింది 2001లో. మన హైదరాబాద్ భారత్ బయోటెక్ వారి టైప్‌బార్-టీసీవీకి మన దేశంలో లైసెన్సు 2013లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్, అంటే ఐక్యరాజ్య సమితి సంస్థలు కొనడానికి కావలసిన ఆమోదం, 2017 డిసెంబర్‌లో. నేపాల్ ట్రయల్‌లో సుమారు 82 శాతం, మలావీలో సుమారు 84 శాతం రక్షణ ఇచ్చింది. హైదరాబాద్‌లోనే బయలాజికల్-ఇ వేరే దారి పట్టింది. వీఐని టైఫాయిడ్ తెప్పించని సిట్రోబాక్టర్ నుంచి తీసి, ప్రోటీన్‌గా సీఆర్ఎం197, అంటే విషం లేని డిఫ్తీరియా ప్రోటీన్, వాడింది. సింధ్‌లోని హైదరాబాద్‌లో 2016లో మందులకు లొంగని టైఫాయిడ్ మొదలైతే అక్కడి పిల్లలకు వేసింది మన హైదరాబాద్ టీకాయే. 2019 నవంబర్‌లో ప్రపంచంలో మొదటగా దాన్ని రొటీన్ టీకాల్లో చేర్చిన దేశం పాకిస్తాన్.

ఇంత కష్టపడి చేసిన టీకా మీద మన దగ్గర పడే నింద చూస్తే బాధేస్తుంది. "టీకా వేయించాం, అయినా టైఫాయిడ్ వచ్చింది" అంటారు. ఎలా తెలిసిందంటే, ఒక్కసారి చేసిన విడాల్ టెస్ట్. విడాల్ చూసేది బ్యాక్టీరియాలోని ఓ, హెచ్ అనే భాగాల మీద పుట్టిన యాంటీబాడీల్ని. పాత జ్వరాలకీ, వేరే సాల్మొనెల్లాకీ కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. ట్రయళ్ళలో లెక్కపెట్టింది బ్లడ్ కల్చర్‌లో పెరిగిన బ్యాక్టీరియాని. మన దగ్గర యాంటీబయాటిక్ రెండు డోసులు పడ్డాక గానీ కల్చర్ గుర్తురాదు, అప్పటికి రక్తంలో పెరగడానికి ఏమీ మిగలదు. పైగా పారాటైఫాయిడ్-ఏ బ్యాక్టీరియాకి వీఐ పొరే లేదు. దానితో వచ్చిన జ్వరాన్ని ఈ టీకా ఆపలేదు, ఆపుతుందని ఎవరూ చెప్పలేదు కూడా.

పిల్లలకి వేయించబోతున్నవాళ్ళకి ఒక్క మాట. పాత వీఐ టీకా డోసూ 25 మైక్రోగ్రాములే, కాంజుగేట్ డోసూ 25 మైక్రోగ్రాములే, రెండూ అర మిల్లీలీటరే, పేర్లు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి. 9 నెలల బిడ్డకి వేసే ముందు డబ్బా చేతిలోకి తీసుకుని, వీఐ పక్కన కాంజుగేట్ అని, టెటనస్ టాక్సాయిడ్ అనో సీఆర్ఎం197 అనో రాసి ఉందో లేదో చదవండి. అది లేకపోతే సిస్టర్‌ని ఆగమని చెప్పండి.