పాతవన్నీ గుర్తుండి, పొద్దున తిన్నది గుర్తులేకపోతే అది నటనా?

మెదడువాపు తగ్గి ఇంటికొచ్చిన మీ నాన్నగారికి నలభై ఏళ్ల కిందటి సంగతులు గుర్తున్నాయి, పొద్దున తిన్న టిఫిన్ మాత్రం గుర్తులేదు, "కావాలనే చేస్తున్నారు" అని ఇంట్లోవాళ్లు అంటున్నారు అని రాశారు. కావాలని చేసేది కాదండీ. మా పెదనాన్నకూ అదే జబ్బు తర్వాత ఇలాగే అయింది.

మాది ఒడిశాలోని బరంపురం. పట్టు మగ్గాల ఇల్లు. వీధిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఆస్పత్రి నుంచి వచ్చాక పెదనాన్న నన్ను వెంటనే గుర్తుపట్టారు. "ఎప్పుడొచ్చావమ్మా? కాఫీ తాగేవా?" అన్నారు. నేను గ్లాసు కడిగి వచ్చేసరికి మళ్లీ అదే ప్రశ్న, అంతే ఆప్యాయంగా. చిన్నప్పటి ఠాకురాణి జాతరలో ఎవరు ఏ వేషం కట్టారో చెప్పమంటే గంటసేపు చెప్పేవారు. రెండేళ్లకోసారి వచ్చే ఆ జాతరను ఆ ఏడాది అరుగు మీద కూర్చుని చూశారు కూడా. మర్నాడు అడిగితే "ఇంకా అవలేదు కదా" అన్నారు.

కణతల లోపలివైపు, మెదడుకు రెండు పక్కలా హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంటుంది. కొత్తగా జరిగినదాన్ని నిలిచే జ్ఞాపకంగా మార్చడానికి అది కావాలి. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే మెదడువాపు ఎక్కువగా దెబ్బతీసేది ఆ ప్రాంతాన్నే. బాగా పాతబడ్డ జ్ఞాపకాలు మాత్రం చాలావరకు తప్పించుకుంటాయి. ఫ్రాన్సులో మనస్తత్వ శాస్త్రవేత్త రిబో ఈ తేడాను 1881లోనే రాశాడు.

దీన్ని అందరికీ రుజువు చేసిన మనిషి అమెరికాకు చెందిన హెన్రీ మొలైసన్. మూర్ఛలు తగ్గడానికి 1953లో, 27 ఏళ్ల వయసులో, ఆయనకు ఆపరేషన్ చేసి రెండువైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. తెలివి తగ్గలేదు, మాట పోలేదు. కానీ 2008లో చనిపోయేదాకా కొత్త సంఘటన ఏదీ ఆయనలో సరిగా నిలవలేదు. ఆయన్ని పరీక్షించిన మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. రోజురోజుకీ చెయ్యి తిరిగింది, ఆయనకు మాత్రం ముందు గీసినట్టే గుర్తులేదు. పని నేర్చుకునే దారి వేరు, జరిగింది గుర్తుంచుకునే దారి వేరు అని అప్పుడు తేలింది.

మా ఇంట్లో ఇది కళ్లారా చూశాం. పెదనాన్నను మగ్గం దగ్గర కూర్చోబెడితే పడుగులో తెగిన పోగును వేలితోనే వెతికి పట్టి ముడేశారు. పేక దారాన్ని అటూ ఇటూ నడిపే నాడె ఆగకుండా ఆడింది. అంచులో కుంభం అనే నమూనా ఎంతవరకు వచ్చిందో గుర్తుపెట్టుకోవలసిన పని లేదు, నేసిన బట్టే ఎదురుగా చెబుతోంది. పక్క గదిలోంచి దారం చుట్టిన కండె తెమ్మంటే మాత్రం గుమ్మం దాటగానే ఎందుకొచ్చారో మరిచిపోయేవారు. అందుకే నా నమ్మకం, నాన్నగారికి జ్ఞాపకం పెట్టుకోమని చెప్పడం కంటే, కావలసినది కంటికి కనబడేలా పెట్టడం మేలు. తిన్న కంచం కాసేపు తీయకండి. వేసుకున్న మాత్రకు క్యాలెండర్ మీద టిక్కు పెట్టించండి. చేతికి అలవాటైన పని ఏదైనా ఉంటే రోజూ ఒకే వేళకు, ఒకే చోట చేయించండి.

వచ్చినవాళ్లందరూ "నేనెవరు చెప్పు, పొద్దున ఏం తిన్నావు" అని పరీక్ష పెట్టడం దయచేసి ఆపించండి. 1911లో స్విట్జర్లాండ్ డాక్టర్ క్లాపారెడ్ ఒక సంగతి రాశాడు. ఇలాంటి మతిమరుపున్న ఒకావిడకు కరచాలనం చేస్తూ చేతిలో దాచిన సూది గుచ్చాడట. తర్వాత ఆవిడకు ఆ సంగతి గుర్తులేదు, అయినా చెయ్యి ఇవ్వలేదు. కసిరిన మాట కూడా అలాగే లోపల మిగలొచ్చు. ఎవరు కసిరారో మరిచిపోయినా ఆ బెరుకు పోకపోవచ్చు.

ఈసారి న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లినప్పుడు విటమిన్ బి1, బి12, థైరాయిడ్ పరీక్షలు అవసరమా అని అడగండి. వాటి తేడా వల్ల కూడా మతిమరుపు పెరుగుతుంది, దానికి మందు ఉంది. మధ్యమధ్యలో కాసేపు చూపు నిలిచిపోయి, పిలిచినా పలకకపోతే అదీ చెప్పండి. మెదడువాపు తర్వాత ఫిట్స్ అలా కూడా వస్తాయి. వీలైతే ఫోన్‌లో వీడియో తీసి చూపించండి.