రెండో పేజీలో ఆగిపోయిన పేజీని పైకి తేవాలంటే

గూగుల్‌లో ఇండెక్స్ అయిన (అంటే గూగుల్ తన జాబితాలో చేర్చుకున్న) మా పేజీ నెలల తరబడి సెర్చ్ ఫలితాల్లో 14, 15 స్థానాల దగ్గరే ఉండిపోయింది, కీవర్డ్ (జనం వెతికే మాట) అందులో ఇంకెన్నిసార్లు పెట్టాలి అని ఒకరు అడిగారు. ఇంకొక్కసారి కూడా పెట్టక్కర్లేదండి. అంతదాకా వచ్చిందంటే పేజీ దేని గురించో గూగుల్‌కి అర్థమైనట్టే. పేజీ కోడ్‌లో కీవర్డ్‌ల జాబితా రాసే మెటా కీవర్డ్స్ ట్యాగ్ జోలికీ పోవద్దు, ర్యాంకింగ్‌కి దాన్ని చూడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరిచి, చివరి 3 నెలలు పెట్టి, పేజీల ట్యాబ్‌లో మీ యూఆర్ఎల్ నొక్కి, క్వెరీల (జనం వెతికిన మాటల) ట్యాబ్‌కి రండి. ఇంప్రెషన్లు (ఫలితాల్లో మీ పేజీ కనబడిన సార్లు) బాగా ఉండి, సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్న క్వెరీలు ఏరుకోండి. మీరు గురిపెట్టింది ఒకటి, జనం వెతికేది ఇంకొకటి అని చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు యూఆర్ఎల్ ఫిల్టర్ తీసేసి, ఆ క్వెరీని ఫిల్టర్‌గా పెట్టి పేజీల ట్యాబ్ చూడండి. మీ సైట్‌వే రెండు మూడు పేజీలు ఇంప్రెషన్లు పంచుకుంటుంటే, అవి ఒకదాని కాళ్లు ఒకటి లాగుతున్నాయేమో చూడాలి. ఒకే అవసరానికి రాసినవైతే బయటి సైట్ల నుంచి లింకులు ఎక్కువ వచ్చినదాన్ని ఉంచండి. మిగతావాటిలో పనికొచ్చే భాగాన్ని దాన్లో కలిపి, పాత యూఆర్ఎల్‌లను 301తో (శాశ్వత దారి మళ్లింపుతో) అక్కడికే మళ్లించండి. హోమ్ పేజీకి మళ్లిస్తే గూగుల్ దాన్ని సాఫ్ట్ 404గా, అంటే లేని పేజీగా లెక్కగట్టే ప్రమాదముంది. మెనూలు, సైట్‌మ్యాప్‌లో (సైట్ పేజీల జాబితా ఫైల్‌లో) పాత యూఆర్ఎల్ అలాగే వదిలేస్తుంటారు, అవీ మార్చండి. ఒకేలాంటి పేజీల్లో అసలుది ఏదో చెప్పే కెనానికల్ ట్యాగ్‌తో సరిపెట్టొచ్చు కదా అంటారా? అది సూచన మాత్రమే. రెండు పేజీల్లో విషయం వేర్వేరుగా ఉంటే గూగుల్ పట్టించుకోకపోవచ్చు.

తర్వాత అదే క్వెరీ వెతికి, పైనున్న ఐదు ఫలితాలు ఓపిగ్గా చదవండి. 'సైకిల్ చైన్ జారిపోతోంది' అంటే అక్కడున్నవన్నీ రిపేరు పేజీలే అనుకుందాం. మీది చైన్లలో రకాలతో మొదలై, రిపేరు ఆరో పేరాలో వస్తే పైకి రావడం కష్టం. రిపేరుని మొదటి పేరాకి తెండి. టైటిల్ 'సైకిల్ చైన్లు: సమగ్ర సమాచారం' తీసేసి 'సైకిల్ చైన్ జారిపోతుంటే: కారణాలు, సరిచేసే పద్ధతి' అని పెట్టండి. పేజీలోని ప్రధాన శీర్షిక కూడా దానికి దగ్గరగా ఉండాలి, లేకపోతే ఫలితాల్లో గూగుల్ తనకు నచ్చినట్టు టైటిల్ మార్చి చూపించొచ్చు. సైట్‌లో ట్రాఫిక్ ఉన్న సంబంధిత పేజీల నుంచి 'ఇక్కడ నొక్కండి' అని కాకుండా, విషయం తెలిసే మాటలతో లింకులివ్వండి.

వేగం గురించి మరీ బెంగపడొద్దు. ఎల్‌సీపీ (పేజీలో పైన కనబడే అతి పెద్ద భాగం లోడవ్వడానికి పట్టే సమయం) 2.5 సెకన్లలోపు ఉంటే చాలు. దాటుతుంటే, పైన కనబడే పెద్ద బొమ్మకి లేజీ లోడింగ్ (బొమ్మను ఆలస్యంగా లోడ్ చేసే పద్ధతి) పెట్టారేమో చూసి తీసేయండి.

మార్పులయ్యాక సెర్చ్ కన్సోల్‌లోని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో ఇండెక్సింగ్ రిక్వెస్ట్ పెట్టి, తేదీ రాసుకుని, కొన్ని వారాలు ఆగి, మార్పుల తర్వాతి 28 రోజులను ముందు 28 రోజులతో పోల్చండి. ఇంప్రెషన్లు పెరిగి, సగటు స్థానం పడిపోయినట్టు కనబడితే కంగారొద్దు. కొత్త క్వెరీలకు ఎక్కడో అడుగున కనబడటం మొదలైనా సగటు దిగజారుతుంది. మీక్కావాల్సిన ఆ ఒక్క క్వెరీని ఫిల్టర్ పెట్టి చూసుకోండి.