లిఫ్ట్ తర్వాత టక్‌టక్ శబ్దం: మొదట స్పేసర్ మందం చూడండి

మీ బండికి పాత టైర్లతోనే 2 అంగుళాల లిఫ్ట్ (సస్పెన్షన్ దగ్గర బండి ఎత్తు పెంచే మార్పు) వేయించాక గతుకుల్లో టక్‌టక్ శబ్దం, స్టీరింగ్ ఓ పక్కకు లాగడం మొదలైందన్నారు. టైర్లను అనుమానించకండి, ఈ ఎత్తుకు అవి చాలు.

మొదట స్పేసర్ (ఎత్తు కోసం స్ట్రట్‌కు, అంటే స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగానికి, పైన పెట్టే దిమ్మ) మందం కొలవండి. సస్పెన్షన్ మెక్‌ఫెర్సన్ స్ట్రట్ రకం (స్ట్రట్ నేరుగా చక్రాన్ని పట్టే భాగానికే బిగిసి ఉండేది) అయితే మందం ఎంతో లిఫ్ట్ దాదాపు అంతే. కానీ డబుల్ విష్‌బోన్‌లో (చక్రాన్ని పైన, కింద రెండు ఆర్మ్‌లు పట్టే రకంలో) స్ట్రట్ కింది ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది కనుక, చాలా వాహనాల్లో అంగుళం స్పేసరే సుమారు 2 అంగుళాలు లేపుతుంది. అక్కడ 2 అంగుళాలది బిగిస్తే చక్రం కిందికి దిగేందుకు చోటే మిగలదు. శబ్దం అక్కడిదే కావచ్చు. స్టెబిలైజర్ లింకుల (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని కలిపే లింకుల) నట్లూ చూడండి.

ఆర్మ్ బుష్ (ఆర్మ్ కీలులోని రబ్బరు ముక్క) బోల్టులను చక్రాలు గాలిలో ఉండగా బిగించారేమో అడగండి. అలా చేస్తే రబ్బరు మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. వదులు చేసి, బండి నేల మీద నిలిచాక కంపెనీ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) మళ్లీ బిగించాలి. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) ఆ తర్వాతే. ముందే చేయిస్తే డబ్బు దండగ.

ఇంకోటి, వెనుక రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాలను కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉంటే డిఫరెన్షియల్ (ఆ ఇరుసు మీది గేర్ల డబ్బా) కింది ఖాళీ లిఫ్ట్‌తో పెరగదు, పెద్ద టైర్లతోనే పెరుగుతుంది. హెడ్‌లైట్లు కూడా కిందికి సరిచేయించండి.