మేడ మీది గదికి వైఫై అందాలంటే

అమ్మాయీ,

మేడ మీద వెనక గదిలో మీటింగు మధ్యలో మాట తెగిపోతోందని, ఆరు యాంటెన్నాల రౌటర్ పెడితే సరిపోతుందని షాపులో చెప్పారని రాశావు. తొందరపడి కొనకమ్మా. ఫైబర్ బాక్సేమో, అంటే ఇప్పుడున్న రౌటర్, కింద హాల్లో, నీ గదేమో పైన ఇంటి వెనక కొసన. మధ్యలో ఉన్న శ్లాబు, గోడలు ఎంత ఖరీదైన రౌటర్‌కైనా అలాగే అడ్డం పడతాయి. పైదాకా ఒక కేబుల్ లాగి, అక్కడ ఇంకో చిన్న వైఫై పెట్టుకోవడమే నికరమైన మార్గం. అయితే దానికి ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

అసలు లోపం వైఫైదా, కనెక్షన్‌దా అన్నది మొదట తేల్చుకో. లాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా ఫైబర్ బాక్సుకే కలిపి స్పీడ్ టెస్ట్ చెయ్యి. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి 90 పైన వస్తే కనెక్షన్ బాగున్నట్టే. ప్లాన్ 200 లేదా 300 అయివుండి కూడా 94 దగ్గరే ఆగిపోతే కేబుల్లో ఏదో తీగ తెగి ఉండాలి, లేదా ఆ పోర్టు 100 వరకే పనిచేసేది అయివుండాలి. కేబుల్ మార్చినా, పోర్టు మార్చినా అక్కడే తక్కువ వస్తుంటే కంపెనీకి ఫిర్యాదు చెయ్యి. అది సరయ్యేదాకా ఇంట్లో ఏం మార్చినా లాభం లేదు.

తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ వేసుకుని గది గదికీ తిరుగు. సిగ్నల్‌ను అది డీబీఎంలలో (సిగ్నల్ బలం కొలిచే ప్రమాణంలో), మైనస్ అంకెల్లో చూపిస్తుంది. మైనస్ 50 అంటే చాలా బాగున్నట్టు. మైనస్ 67 వరకు వీడియో కాల్ నిలుస్తుంది. మైనస్ 75 దాటితే మాట తెగుతుంది, 80 దాటితే ఆశ వదులుకోవచ్చు. మైనస్ 50 నుంచి మైనస్ 53కి, అలా 3 తగ్గితే సిగ్నల్ బలం సగమైపోయినట్టు, 10 తగ్గితే పదో వంతే మిగిలినట్టు. నువ్వు కూర్చునే కుర్చీ దగ్గరే నిలబడి, తలుపు వేసి ఒకసారి, తీసి ఒకసారి చూడు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లకీ విడివిడిగా కాగితం మీద రాసి, ఫోటో తీసి నాకు పంపు.

పెద్ద రౌటర్ ఎందుకు పనికిరాదో చెబుతాను. వైఫైలో మాట రెండు వైపులా నడవాలి. రౌటర్ గట్టిగా పలికినా, ఫోన్ ఇచ్చే జవాబు బలహీనం. అది అదే శ్లాబు దాటి కిందికి చేరాలి. నిండా గీతలు చూపిస్తూనే పేజీ తెరుచుకోకపోవడానికి తరచుగా ఇదే కారణం. పైగా రౌటర్ పంపే బలానికి చట్టం పెట్టిన హద్దు ఉంది. యాంటెన్నాలు ఎన్ని తగిలించినా ఆ హద్దు మారదు. మన ఇళ్లలో బయటి గోడ 9 అంగుళాల ఇటుక, లోపలి గోడ నాలుగున్నర, శ్లాబులో ఇనుప చువ్వల అల్లిక. సిగ్నల్ ఏటవాలుగా వెళ్తే వీటిలో ఇంకా ఎక్కువ మందం దాటాలి. దారిలో ఇనుప బీరువా, నిలువుటద్దం, ఫ్రిజ్, నీళ్ల డ్రమ్ము ఉంటే నష్టం మరీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే కానీ గోడ దాటాక 2.4 కన్నా త్వరగా నీరసిస్తుంది.

ఖర్చు లేని పని ముందు చెయ్యి. రౌటర్‌ను టీవీ యూనిట్ అరలోంచి బయటికి తీసి, 5, 6 అడుగుల ఎత్తులో, వీలైతే మెట్ల దగ్గర పెట్టించు. మెట్ల కోసం వదిలిన ఖాళీలో శ్లాబు ఉండదు కాబట్టి సిగ్నల్ అక్కడి నుంచి తేలిగ్గా పైకి పోతుంది. ఫైబర్ తీగను మాత్రం నువ్వు లాగొద్దు, కంపెనీ మనిషినే పిలిపించు. మిగిలిన తీగను 3 అంగుళాల కన్నా చిన్న చుట్టగా చుడితే లోపలి వెలుగు తగ్గిపోతుంది. ఊడదీసిన కొసలోకి ఎవరూ కన్ను పెట్టి చూడకూడదు. ఆ వెలుగు కంటికి కనిపించదు, కానీ హాని చేస్తుంది.

యాంటెన్నా చుట్టూ సిగ్నల్ గారె ఆకారంలో పరుచుకుంటుంది, గారె చిల్లులోంచి యాంటెన్నా నిలబడి ఉన్నట్టు అనుకో. అందుకే అన్నీ నిటారుగా ఉంటే కింది అంతస్తుకే ఎక్కువ అందుతుంది. ఒకదాన్ని పడుకోబెట్టి మళ్లీ కొలిచి చూడు. రౌటర్ సెట్టింగుల్లో 2.4కి చానెల్ (సిగ్నల్ నడిచే దారి) 1, 6, 11లలో ఏదో ఒకటి ఇవ్వు, దాని వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టు. చానెల్ 3 ఖాళీగా ఉంది కదా అని దాన్ని ఎంచుకుంటే 1 మీదా 6 మీదా పడి రెండింటి గోలా తగులుతుంది.

ఇక కేబుల్. క్యాట్ 6 రకం లాన్ కేబుల్ తీసుకో, పూర్తి రాగిదే. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ చవగ్గా అంటగడతారు. తీగను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది, అలాంటిది వద్దు. క్రింపింగ్ (కొసకి ప్లగ్గు బిగించడం) చేసిన దగ్గర విరిగి, కొన్నాళ్లకి కనెక్షన్ వస్తూ పోతూ ఉంటుంది. 100 మీటర్ల దాకా కేబుల్‌లో ఇబ్బంది లేదు, ఇంటికి 20, 30 మీటర్లు చాలు. వెళ్లే దారి పొడవునా తాడు పెట్టి కొలిచి, దానికి 3 మీటర్లు కలిపి కొను.

కరెంటు వైర్లున్న పైపులో దీన్ని దూర్చనివ్వకు. ఎలక్ట్రీషియన్ సులువని అదే అంటాడు, ఒప్పుకోకు. లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే 230 వోల్టులు నీ లాప్‌టాప్‌దాకా రావచ్చు. పాత టీవీ కేబుల్ పైపు ఉంటే పాత తీగ కొసకి కొత్తది కట్టి లాగమను. అదీ లేకపోతే గోడ బయటి నుంచి తీసుకెళ్లాలి. గోడకి వేసే రంధ్రం బయటి వైపుకి కాస్త వాలుగా ఉంటే వాన నీళ్లు లోపలికి రావు. కేబుల్‌ను కూడా రంధ్రం దగ్గర కొద్దిగా కిందికి వేలాడేలా వంచి లోపలికి తియ్యమను. ఎండకి మామూలు తొడుగు పగిలిపోతుంది. బయటి భాగమంతా పీవీసీ పైపులో వేస్తే కోతుల బెడదా ఉండదు.

కొసలు క్రింప్ చేసేటప్పుడు రెండు వైపులా రంగుల వరస ఒకటే: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. టెస్టర్‌లో 8 లైట్లూ వరసగా వెలిగాకే డబ్బులివ్వు. 4 తీగలతో 100 ఎంబీపీఎస్ నడిచిపోతుంది కాబట్టి లోపం వెంటనే బయటపడదు. ఆపైన కావాలంటే 8 తీగలూ కావాలి.

పైన పెట్టడానికి మీ ఇంట్లో మూలనున్న పాత రౌటర్ పనికొస్తుంది. దానిలో యాక్సెస్ పాయింట్ మోడ్ (కేబుల్లో వచ్చిన నెట్‌ను వైఫైగా ఇవ్వడం మాత్రమే చేసేది) ఉంటే అది నొక్కితే చాలు. లేకపోతే లాప్‌టాప్‌కి కలిపి ముందు ఆ పాత రౌటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) మార్చు. కింది దానిది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వు, కింది రౌటర్ ఫోన్లకి పంచే అంకెల్లో అది లేకుండా చూసుకో. ఆ తర్వాతే దానిలో డీహెచ్‌సీపీ (ఫోన్లకి ఐపీ అడ్రస్‌లు పంచే పని) ఆపెయ్యి. వైఫై పేరు, పాస్‌వర్డ్ కింది దానివే పెట్టి, చానెల్ మాత్రం వేరేది ఇవ్వు. కేబుల్‌ను వాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చేది) కాకుండా లాన్ పోర్టులో (ఇంట్లోవి కలిపేది) గుచ్చాలి, చాలామంది పొరబడేది ఇక్కడే. వాన్‌లో గుచ్చితే పైనున్న ఫోన్లు వేరే నెట్‌వర్క్‌లో పడి కింది ప్రింటర్ కనబడదు. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే ఫోన్లలో "కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అని వస్తుంది.

పైకి వచ్చాక కూడా ఫోన్ కింది వైఫైనే పట్టుకుని వేలాడితే, కింది రౌటర్లో 2.4 బలాన్ని మీడియంకి తగ్గించు.

మీ అత్తగారు గోడలకి చిల్లులు వద్దంటే రెండు పెట్టెల మెష్ (తమలో తాము వైఫైతోనే మాట్లాడుకుని ఒకే నెట్‌వర్క్‌గా పనిచేసేవి) తీసుకో. రెండో పెట్టెను నీ గదిలో పెట్టకు. సిగ్నల్ మైనస్ 60, 65 మధ్య ఉండే చోట, బహుశా మెట్ల మలుపులో పెట్టాలి. తనకే అందని సిగ్నల్‌ను అది నీకేం ఇస్తుంది? చవక రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపేది) జోలికి వెళ్లకు. ఒకే రేడియోతో వింటూ పలుకుతూ ఉంటుంది కనుక వేగం దాదాపు సగానికి పడిపోతుంది.

కరెంటు పోతే సంగతి కూడా చూసుకో. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైట్లకీ ఫ్యాన్లకే ఇస్తారు, ప్లగ్గులకి ఉండదు. రౌటర్ల చిన్న యూపీఎస్‌లు రెండు కావాలి, కింద ఒకటి, పైన ఒకటి. అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉంటుంది. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు, పిన్ లోపల ప్లస్సా మైనస్సా అన్నది కూడా కలవాలి. తెచ్చిన రోజే మెయిన్ ఆపి, పైన ఒక వీడియో కాల్ చేసి చూడు.

మీ బాబాయి