టేబుల్ బుక్ చేసుకుని గంటా యాభై నిమిషాలు నిలబడ్డాం, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది మలక్‌పేట. వేసవి సెలవుల్లో ఒక ఆదివారం ఏడుగురం కలిసి సిటీ శివార్లలోని ఒక థీమ్ పార్కుకు వెళ్ళాం. లోపల ఉన్న రెస్టారెంట్‌లో మధ్యాహ్నం 1 గంటకు టేబుల్ కావాలని నాలుగు రోజుల ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేశాను, మనిషికి 500 చొప్పున 3,500 అడ్వాన్స్ కట్టాను. మా మామగారికి షుగర్, ఇన్సులిన్ మీద ఉన్నారు, అందుకే బుకింగ్ పేజీలోనే ‘షుగర్ పేషెంట్ ఉన్నారు, టైమ్‌కి భోజనం కావాలి’ అని రాశాను. ఒంటిగంటకు వెళ్తే టోకెన్ ఇచ్చి నిలబెట్టారు, టేబుల్ ఇచ్చేసరికి 2:50. మా కళ్ళ ముందే బుకింగ్ లేనివాళ్ళని రెండు టేబుళ్ళ మీద కూర్చోబెట్టారు. మామగారు టైమ్ ప్రకారం ముందే ఇన్సులిన్ వేసుకున్నారు, చెమటలు పట్టి వణికిపోయారు. మా బిస్కెట్ ప్యాకెట్లు గేటు దగ్గరే తీసేసుకున్నారు, ఎవరో పాప తన చేతిలోని జ్యూస్ ఇస్తే తేరుకున్నారు. మావారు అక్కడినుంచే వాళ్ళకు వాట్సాప్ మెసేజ్ పెట్టారు, జవాబు లేదు. చివరికి బిల్లులో సర్వీస్ ఛార్జీ కూడా వేశారు. అడిగితే ‘రద్దీ మేడమ్, ముందువాళ్ళు లేవట్లేదు, మేమేం చేస్తాం’ అన్నారు. దీనికి చట్టం ఏమైనా చేస్తుందా? ఇంకో డౌట్, డిసెంబర్‌లో అమెరికాలో మా ఆడపడుచు దగ్గరికి వెళ్తున్నాం, ఆర్లాండోలో డిస్నీ వరల్డ్‌కి కూడా. అక్కడ రెస్టారెంట్లు నెలల ముందే బుక్ చేసుకోవాలంటున్నారు. అక్కడా ఇలాగే అయితే?

జవాబు: వేయొచ్చమ్మా. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ముందు కోపం వచ్చింది, మా ఇంట్లో కూడా ఇన్సులిన్ మీద ఉన్న పెద్దావిడ ఉంది, ఆ చెమటలు, ఆ వణుకు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఇలాంటి విషయాల్లో చాలామంది ‘పోనీలే, అన్నం దగ్గర గొడవెందుకు’ అని వదిలేస్తారు, మీరు వదలకుండా అడిగారు, మంచి పని చేశారు.

మీరు చేసింది ఫోన్‌లో ‘కాస్త టేబుల్ చూడండి బాబూ’ అని అడగడం కాదు. తేదీ, టైమ్, ఎంతమందో చెప్పారు, డబ్బు కట్టారు, వాళ్ళు కన్ఫర్మ్ అని మెసేజ్ పంపారు. అది ఒప్పందం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవాలోపం అంటే, ఒప్పుకున్న పనిని ఒప్పుకున్న తీరులో చేయకపోవడం కూడా అని స్పష్టంగా ఉంది. ఒంటిగంట అనేది వాళ్ళు మీకు అమ్మిన వస్తువులో భాగం.

ఎన్ని నిమిషాలు దాటితే లోపం అవుతుందని చట్టంలో లెక్క ఎక్కడా లేదు. పావుగంట, ఇరవై నిమిషాల ఆలస్యానికి కేసు వేస్తానంటే నేనే వద్దంటాను, ముందు కూర్చున్నవాళ్ళని లేపి మీకివ్వలేరు కదా. కానీ గంటా యాభై నిమిషాలు, అదీ బయటి తిండి రానివ్వని చోట! సినిమా హాల్ విషయంలో సుప్రీంకోర్టు 2023 జనవరి 3న చెప్పిన తీర్పు ఉంది, బయటి తిండి వద్దనే హక్కు యజమానికి ఉంటుంది కానీ తాగే నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి, పసిపిల్లల కోసం తెచ్చుకున్న ఆహారాన్ని తగినంత వరకు రానివ్వాలి అని. అది థియేటర్ల గురించి, పార్కులకు నేరుగా వర్తించే తీర్పు అని నేను అనను. మన వాదనకు మాత్రం అది పనికొస్తుంది. లోపల ఇంకో దారి లేకుండా చేసినవాడి మీద టైమ్‌కి పెట్టే బాధ్యత ఇంకా ఎక్కువ ఉంటుంది, ఇలాంటి కేసులు వినే వినియోగదారుల కమిషన్ ముందు ఈ మాట గట్టిగా చెప్పాలి.

‘రద్దీ’ అన్నారు చూడండి, ఆ మాట వాళ్ళకే ఎదురు తిరుగుతుంది. వాన పడిందా, కరెంటు పోయిందా? ఆదివారం ఎంతమందికి టికెట్లు అమ్మారో, ఎన్ని టేబుళ్ళు బుక్ అయ్యాయో వాళ్ళ కంప్యూటర్‌లోనే ఉంది, ఉన్న టేబుళ్ళకు మించి బుకింగ్ తీసుకుంది కూడా వాళ్ళే. పైగా బుకింగ్ లేనివాళ్ళని కూర్చోబెట్టారంటే టేబుల్ లేకపోవడం అసలు కారణమే కాదు.

మీ కేసులో నాకు అన్నిటికంటే బలంగా కనిపించింది బుకింగ్ పేజీలో మీరు రాసిన ఆ ఒక్క లైన్. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో సెక్షన్ 73 ప్రకారం, ఒప్పందం తప్పితే ఫలానా నష్టం రావచ్చని ఇద్దరికీ ముందే తెలిసి ఉంటే ఆ నష్టానికి పరిహారం అడగవచ్చు. మీరు షుగర్ పేషెంట్ అని రాశారు, వాళ్ళు చదివి డబ్బు తీసుకున్నారు. ఇక ‘మాకేం తెలుసు’ అనే దారి వాళ్ళకు లేదు. ఆ పేజీ, కన్ఫర్మేషన్ మెయిల్ ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, యాప్‌లో పాత బుకింగ్‌లు ఎప్పుడు మాయమవుతాయో చెప్పలేం.

రెండోది మీవారి వాట్సాప్ మెసేజ్. అవతలి లాయర్ మొదట పట్టుకునేది ఇక్కడే, ‘లేటైనా కూర్చున్నారు, తిన్నారు, బిల్లు కట్టి వెళ్ళారు, ఇప్పుడేంటి’ అంటాడు. అతను ఉత్తినే అనడు, అదే కాంట్రాక్ట్ చట్టంలో సెక్షన్ 55 ఉంది. టైమ్ ముఖ్యమైన ఒప్పందంలో ఎదుటివాడు టైమ్ తప్పితే దాన్ని రద్దు చేసుకునే హక్కు మీకుంటుంది, అంటే ఆ రోజు తినకుండా వచ్చేసి మొత్తం అడ్వాన్స్ వెనక్కి అడిగి ఉండొచ్చు. అలా కాకుండా ఆలస్యంగా ఇచ్చినదాన్నే తీసుకుంటే, తీసుకునేటప్పుడే ‘పరిహారం అడుగుతాం’ అని తెలియజేయాలి, లేకపోతే ఆ ఆలస్యం వల్ల వచ్చిన నష్టానికి అడగడానికి వీల్లేదు. ఇది చాలామంది లాయర్లు కూడా మర్చిపోతారు. మీవారు టేబుల్ ఇవ్వకముందే మెసేజ్ పెట్టారు కాబట్టి మనకు నిలబడే చోటు ఉంది. అందులో ‘బాధ్యత మీదే’ లాంటి మాట ఏదైనా ఉంటే చాలు, ఇంకా నయం. అంత ఆందోళనలో కూడా ఆయన ఆ పని చేశారంటే మెచ్చుకోవాలి. అలా మెసేజ్ పెట్టని వాళ్ళ పని అయిపోయినట్టేనా అంటే అదీ కాదు, వినియోగదారుల చట్టం మిగతా చట్టాలకు అదనంగా ఇచ్చిన హక్కు, సేవాలోపం మీద విడిగా వాదించుకోవచ్చు. కాకపోతే దారి కాస్త కష్టం. కాబట్టి ఎవరికైనా ఇలాంటిది జరిగితే అక్కడ నిలబడే ఒక్క లైన్ పంపండి: ‘1 గంటకు బుకింగ్, ఇప్పుడు 1:40, ఇంకా టేబుల్ ఇవ్వలేదు, ఈ ఆలస్యానికి పరిహారం అడుగుతాం.’ కౌంటర్ దగ్గర అరిచిన అరుపులు కమిషన్‌కు వినపడవు, ఈ లైన్ కనపడుతుంది.

మీవైపు చూసుకోవాల్సింది ఒకటుంది, నిజంగా ఒంటిగంటకు మీరు అక్కడ ఉన్నారా? రైడ్ నుంచి లేటుగా వచ్చి 1:25కి కౌంటర్ చేరి ఉంటే నాకు ఇప్పుడే చెప్పండి, వాళ్ళ సీసీటీవీలో బయటపడే దాకా దాచొద్దు. టోకెన్ స్లిప్ మీద టైమ్ ఉంటే అదే సాక్ష్యం. బిల్లు మీద కూడా చాలాచోట్ల మీకు టేబుల్ ఇచ్చిన టైమ్ పడుతుంది, చిన్న అక్షరాల్లో, తీసి చూడండి. ఆ రెండూ పక్కపక్కన పెడితే గంటా యాభై నిమిషాలు వాళ్ళ కాగితాల్లోనే కనిపిస్తుంది. మామగారిని తర్వాత డాక్టర్‌కి చూపించారా, ఆ చీటీ కావాలి. గ్లూకోమీటర్‌లో రీడింగ్ తీసి ఉంటే చాలా మీటర్లలో అది తేదీ, టైమ్‌తో సహా మెమరీలో ఉంటుంది, దాన్ని చెరపకండి. ఫోన్ మెసేజ్‌లూ ఫోటోలూ దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఒక సర్టిఫికెట్ జతచేస్తాం, కమిషన్‌లో సాక్ష్యాల నియమాలు సివిల్ కోర్టంత బిగువుగా ఉండవు కానీ అది ఉంటే అవతలివాళ్ళు ‘ఇది ఎడిట్ చేశారు’ అనకుండా ఉంటారు.

సీసీటీవీ సంగతి ఈ రోజే చేయాలి. ఫలానా తేదీ మధ్యాహ్నం 12:45 నుంచి 3 గంటల వరకు రెస్టారెంట్ ముందు ఫుటేజ్ భద్రపరచండి అని మెయిల్ పెట్టి, అదే కాగితం స్పీడ్ పోస్టులో పంపండి. పాత ఫుటేజ్ మీద కొత్తది ఎక్కిపోతుంది. మీరు రాతపూర్వకంగా అడిగాక కూడా చెరిపేస్తే, ఎందుకు చెరిపారని కమిషన్ ముందు మనం అడగొచ్చు.

కేసు ఎవరి మీద? ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. గేటు మీద పార్కు పేరు ఉంటుంది, లోపల రెస్టారెంట్ వేరేవాళ్ళు నడుపుతుంటారు, బుకింగ్ డబ్బు ఇంకో కంపెనీ ఖాతాలో పడుతుంది. ఒక్కరి మీదే వేస్తే ‘మాకు సంబంధం లేదు’ అని తేల్చేస్తారు. బిల్లు మీద జీఎస్టీ నంబర్ పక్కన కంపెనీ అసలు పేరు ఉంటుంది, అడ్వాన్స్ ఎవరికి వెళ్ళిందో బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, పార్కు టికెట్ మీద మూడో పేరు ఉండొచ్చు. అందరినీ పార్టీలుగా చేద్దాం, వాళ్ళలో వాళ్ళు తేల్చుకుంటారు.

నోటీసు ఇవ్వాలని చట్టం బలవంతం చేయదు, కానీ 15 రోజుల గడువుతో ఇవ్వడం మంచిది, చాలా కేసులు అక్కడే తేలిపోతాయి. ఈలోపు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు వేద్దాం. పార్కు రంగారెడ్డి జిల్లాలో ఉంది కదా అక్కడిదాకా తిరగాలేమో అని టెన్షన్ పడకండి, ఫిర్యాదుదారు ఉండే చోట కూడా వేయొచ్చని 2019 చట్టం చెప్పింది, మీరు మలక్‌పేట కాబట్టి నాంపల్లిలోని హైదరాబాద్ జిల్లా కమిషన్‌లో వేసుకోవచ్చు. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఏమీ లేదు. సంఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్ళ గడువు ఉంది. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా, విచారణకు వీడియోలో హాజరవడానికి అనుమతి అడగొచ్చు. త్వరగా అయిపోతుందని మాత్రం నేను చెప్పను, చట్టంలో మూడు నెలలని ఉన్నా వాయిదాలు పడతాయి, ఓపిక కావాలి.

‘టేబుల్ ఖాళీని బట్టి’ అనే షరతు చూపిస్తారు, ఎదురు చూడండి. అది అన్యాయమైన షరతు అని దాని మీదే కేసు కట్టాలనిపిస్తుంది, వద్దు. అన్యాయపు ఒప్పందం అనే ఆరోపణ వినే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. మనం సేవాలోపం మీదే ఉందాం. ఖాళీని బట్టి అని రాసుకున్నా, ఖాళీ అయిన టేబుల్ బుకింగ్ లేనివాళ్ళకిచ్చారు కదా, అది చాలు.

సర్వీస్ ఛార్జీ తేలిక. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, బిల్లులో దాన్ని దానంతట అది కలపకూడదు, వేరే పేరుతో కూడా తీసుకోకూడదు. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆ డబ్బు వెనక్కి అడగండి, మొహమాటం వద్దు.

ఎంత అడగాలి? కొందరు పది లక్షలు రాయమంటారు, నేను రాయను, అది చూడగానే ఆశ అనుకుంటారు. భోజనం తిన్నారు కాబట్టి బిల్లు మొత్తం వెనక్కి రాదు. సర్వీస్ ఛార్జీ, వైద్యానికైన ఖర్చు, మామగారు పడ్డ బాధకూ మీ ఇంటిల్లిపాది మనోవేదనకూ పరిహారం, కేసు ఖర్చులు. మొత్తం ఒక 50 వేలు దాటకుండా అడుగుదాం, అందులో ఎంత ఇస్తారనేది డాక్టర్ చీటీ మీద ఆధారపడి ఉంటుంది. ఫిర్యాదు మీ పేరు మీద, మామగారి అఫిడవిట్ విడిగా. ఆ రోజు ఏం జరిగిందో ఆయన మాటల్లోనే రాయించండి.

ఇక ఆర్లాండో. డిస్నీ వరల్డ్‌లో రిజర్వేషన్ 60 రోజుల ముందు నుంచి తీసుకోవచ్చు, పేరున్న రెస్టారెంట్లు తెల్లారేసరికి నిండిపోతాయి, కాబట్టి తేదీ ముందే లెక్కపెట్టుకోండి. అక్కడ రిజర్వేషన్ అంటే మీ పేరు మీద ఒక టేబుల్ ఖాళీగా ఉంచడం కాదు, ఆ టైమ్‌కి వస్తే మీ మందికి సరిపడా మొదట ఖాళీ అయిన టేబుల్ ఇస్తామని అర్థం. ఆ మాట వాళ్ళు ముందే చెప్పేస్తారు. వెళ్ళకపోతే చాలాచోట్ల మనిషికి 10 డాలర్లు పట్టుకుంటారు, రెండు గంటల ముందు రద్దు చేసుకుంటే పట్టుకోరు, ఏడుగురంటే 70 డాలర్లు, గుర్తుంచుకోండి. ఇక్కడ నాంపల్లిలో కేసు వేసి అక్కడి కంపెనీ చేత డబ్బు కట్టించడం జరిగే పని కాదు. మన ట్రావెల్ ఏజెంట్ భోజనాలతో సహా ప్యాకేజీ అమ్మి ఉంటే మాత్రం ఏం ఇస్తామన్నాడో రాతలో తీసుకోండి, అతని మీద ఇక్కడే అడగొచ్చు. అక్కడ బయటి తిండి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు, మద్యం తప్ప. మామగారి బ్యాగ్‌లో బిస్కెట్లు, జ్యూస్ ప్యాకెట్, డాక్టర్ చీటీ పెట్టండి, ప్లేటు ముందుకు వచ్చాకే ఇన్సులిన్ వేసుకోవచ్చేమో బయల్దేరే ముందు ఆయన డాక్టర్‌ని అడగండి.

ముందు ఆ ఫుటేజ్ మెయిల్ పంపి, టోకెన్, బిల్లు రెండింటి ఫోటోలు నాకు పెట్టండి.